ఒకే మాత్ర: ఒకరికి 2 మిల్లీగ్రాములు, ఇంకొకరికి 6. ఎందుకు?

గుండె వాల్వ్ ఆపరేషన్ అయిన వాళ్లు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల మందుల డబ్బా తీసి చూడండి. అందులో ఒక చిన్న మాత్ర ఉంటుంది. వార్ఫరిన్ కావచ్చు, లేదా మన దగ్గర ఎసిట్రోమ్ అని దొరికే ఎసినోకౌమరాల్ కావచ్చు. రెండూ అన్నదమ్ములే, చేసే పని ఒకటే. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూడటం.

ఈ మాత్ర వేసుకునే పద్ధతి గమనించారా? ఒకరోజు ఒకటి, మర్నాడు అర. క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకుని మరీ వేసుకుంటారు. నెలకో, రెండు వారాలకో పీటీ-ఐఎన్‌ఆర్ టెస్ట్. మందు వేసుకోని మామూలు మనిషికి ఆ నంబర్ 1 దగ్గర ఉంటుంది. ఈ మందు మీద ఉన్నవాళ్లకి చాలామటుకు 2, 3 మధ్యలో ఉండాలి, కొన్ని వాల్వ్‌లకి ఇంకాస్త ఎక్కువ. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కడుతుంది, అది మెదడుకి వెళ్తే పక్షవాతం. పెరిగితే లోపల రక్తస్రావం. రెండు పక్కలా గొయ్యే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే వయసు, ఒకే బరువు, ఒకే వాల్వ్ ఉన్న ఇద్దరిలో ఒకరికి రోజుకి 2 మిల్లీగ్రాములు సరిపోతే, పక్క బెడ్ మీద ఆయనకి 6 ఎందుకు కావాలి? డాక్టర్లు ఈ మందుని మనుషులకి ఇవ్వడం మొదలుపెట్టింది 1954లో. ఈ ప్రశ్నకి గట్టి జవాబు దారి దొరికింది 2004లో. అంటే యాభై ఏళ్లు, ఈ మందు శరీరంలో ఏ జీన్ తయారుచేసిన ప్రొటీన్‌ని పట్టుకుంటుందో తెలియకుండానే లక్షల మందికి ఇచ్చారు. ఆ జీన్‌ని పట్టుకున్న రెండు టీముల్లో ఒకటి అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ, చాపెల్ హిల్‌లో డారెల్ స్టాఫోర్డ్ ల్యాబ్. ఇవాళ్టి ఎపిసోడ్ ఆయన వెతుకులాట గురించి. కానీ ఆయన ఏం వెతికాడో అర్థం కావాలంటే ముందు ఆవుల దగ్గరికి వెళ్లాలి.

1920ల మొదట్లో కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఆవులు వింతగా చచ్చిపోయేవి. కొమ్ము కోసినా, చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగేది కాదు. ఆంటారియోలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఒకే గడ్డివాము నుంచి స్వీట్ క్లోవర్ అనే మేత తీసుకున్నాడు. బాగున్న కాడలు ఒక కుందేలుకి, పాడైపోయిన కాడలు ఇంకో కుందేలుకి పెట్టాడు. మొదటిది బాగానే ఉంది, రెండోది రక్తస్రావంతో చచ్చిపోయింది. ఇంకో శాంపిల్‌తో మళ్లీ చేశాడు, అదే రిజల్ట్. తేమకి బూజు పట్టిన గడ్డే విషం అని తేలింది. (ఈ స్కోఫీల్డ్‌కి ఇంకో జీవితం కూడా ఉంది. 1919లో కొరియా స్వాతంత్ర్య ఉద్యమాన్ని జపాన్ అణచివేస్తుంటే ఫొటోలు తీసి ప్రపంచానికి చూపించింది ఈయనే. సియోల్‌లో జాతీయ సమాధుల్లో ఆయన సమాధి ఉంది. అది వేరే ఎపిసోడ్ అంత కథ.)

గడ్డి విషం అని తెలిసింది కానీ అందులో ఏ కెమికల్ అన్నది తెలీదు. 1933 ఫిబ్రవరిలో ఒక శనివారం, మంచు తుఫానులో, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు దాదాపు 300 కిలోమీటర్లు ట్రక్కు నడుపుకుంటూ మాడిసన్ వచ్చాడు. వెనకాల చచ్చిపోయిన ఆవు పెయ్య, ఒక పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం, 45 కిలోల పాడైన గడ్డి. పశువైద్యుల ఆఫీసు మూసి ఉంది. తలుపు తీసి ఉన్న బిల్డింగ్ ఒకటి కనిపిస్తే లోపలికి వెళ్లాడు. అది కార్ల్ పాల్ లింక్ అనే బయోకెమిస్ట్ ల్యాబ్. లింక్ ఆ రోజు ఆయనకి చెప్పగలిగింది ఏమీ లేదు, ఆ గడ్డి పెట్టడం ఆపేయమనడం తప్ప. రైతు అదే దారిన తిరిగి వెళ్లిపోయాడు. లింక్, ఆయన స్టూడెంట్ షోఫెల్ మాత్రం ఆ క్యాను ముందు కూర్చుండిపోయారు.

ఆరేళ్లకు పైగా పట్టింది. 1939 జూన్‌లో లింక్ ల్యాబ్‌లో హెరాల్డ్ క్యాంప్‌బెల్ ఆ పదార్థాన్ని స్ఫటికాల రూపంలో బయటికి తీశాడు. అదే డైకుమరాల్. అప్పుడే కోసిన పచ్చిగడ్డికి ఒక తియ్యటి వాసన వస్తుంది చూడండి, దాంట్లో కుమరిన్ అనే పదార్థం పాత్ర ఉంది. బూజు ఆ కుమరిన్‌ని మార్చి డైకుమరాల్ తయారీకి దారి వేస్తుంది. 1941కల్లా దీన్ని మేయో క్లినిక్‌లో మనుషులకి ఇచ్చి చూశారు.

తర్వాత లింక్‌కి క్షయ వచ్చి శానిటోరియంలో పడుకున్నప్పుడు, ఎలకల నిర్మూలన చరిత్ర చదువుతూ ఒక ఐడియా వచ్చింది: దీనికన్నా బలమైనది చేస్తే ఎలకల మందు అవుతుంది కదా! వాళ్లు తయారుచేసిన రకాల్లో 42వ నంబరుది బాగా పనిచేసింది. పరిశోధనకి డబ్బు పెట్టిన విస్కాన్సిన్ అలుమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'వార్ఫ్', దానికి కుమరిన్ తోక తగిలిస్తే వార్ఫరిన్. 1948లో మార్కెట్లోకి వచ్చింది. ఎలకల కోసం.

మనుషుల్లోకి ఎలా వచ్చింది? 1951లో అమెరికా ఆర్మీలో చేరిన ఒక యువకుడు ఆత్మహత్యాయత్నంలో ఈ ఎలకల మందు మింగాడు. హాస్పిటల్లో విటమిన్ కె ఇచ్చారు, పూర్తిగా కోలుకున్నాడు. దీంతో డాక్టర్లకి ఒక ధైర్యం వచ్చింది: ఈ మందుకి విరుగుడు ఉంది, పనిచేస్తుంది. 1954లో మనుషులకి వాడటానికి అనుమతి. 1955లో ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వస్తే ఆయనకీ ఇచ్చారు. ఇక దాని పేరుకి అడ్డేముంది!

సరే, విరుగుడు విటమిన్ కె అన్నాం. ఆ విటమిన్ సంగతేంటి? డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ 1929లో కోడిపిల్లలకి కొవ్వు తీసేసిన మేత పెట్టి ఇంకేదో పరీక్షిస్తుంటే, వాటికి చర్మం కింద రక్తస్రావం మొదలైంది. మేతలో ఏదో కొత్త పదార్థం తక్కువైందని తేల్చి, 1935లో దానికి విటమిన్ కె అని పేరు పెట్టాడు. 'కె' ఎందుకంటే డేనిష్, జర్మన్ భాషల్లో గడ్డకట్టడాన్ని 'కోఆగులేషన్' అంటారు, దాని స్పెల్లింగ్ కె తో మొదలవుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీ దాని నిర్మాణం కనిపెట్టాడు. ఇద్దరికీ కలిపి 1943 నోబెల్ ఇచ్చారు.

ఇక్కడ కాస్త ఆగి మెకానిజం అర్థం చేసుకుందాం, ఎందుకంటే స్టాఫోర్డ్ కథ మొత్తం దీని మీదే.

రక్తం గడ్డకట్టడానికి లివర్ కొన్ని ప్రొటీన్లు తయారుచేస్తుంది. వాటిని ఫ్యాక్టర్లు అంటారు. అందులో 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లకి తయారయ్యాక ఒక ఫినిషింగ్ పని ఉంటుంది. కొన్ని చోట్ల అదనంగా ఒక చిన్న రసాయన ముక్క అతికించాలి. ఆ ముక్క ఉంటేనే కాల్షియంని పట్టుకుని, గాయం అయిన చోట అంటుకోగలవు. లేకపోతే ప్రొటీన్ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది కానీ మొద్దుబారిన కొక్కెం లాంటిది, దేన్నీ పట్టుకోలేదు. ఈ రహస్యం 1974లో బయటపడింది. స్వీడన్‌లో యోహాన్ స్టెన్‌ఫ్లో బృందం డైకుమరాల్ ఇచ్చిన ఆవుల రక్తంలోంచి పనికిరాని ప్రొటీన్ తీసి, మంచిదానితో పోల్చి తేడా పట్టింది. మళ్లీ ఆవులే!

ఆ ముక్క అతికించే మెషిన్ పేరు కార్బాక్సిలేస్. దానికి కరెంట్ కావాలి. విటమిన్ కె ని పవర్ బ్యాంక్ అనుకోండి. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న విటమిన్ కె ఒకసారి పని చేయగానే డిశ్చార్జ్ అయిపోతుంది. మన ఒంట్లో విటమిన్ కె నిల్వలు చాలా తక్కువ, కాబట్టి పారేయడానికి లేదు, మళ్లీ ఛార్జ్ చేసుకోవాలి. ఆ ఛార్జర్ పనిచేసే ఎంజైమ్‌ని పొట్టిగా వీకేఓఆర్ అంటారు. వార్ఫరిన్ చేసేది ఒక్కటే. ఛార్జర్ ప్లగ్ పీకేస్తుంది. పవర్ బ్యాంకులన్నీ డిశ్చార్జ్ అయి పడి ఉంటాయి. బయటి నుంచి ఇంజెక్షన్‌లోనో ఆకుకూరలోనో కొత్త విటమిన్ కె వస్తే మళ్లీ పని నడుస్తుంది. అందుకే అది విరుగుడు. పుట్టిన బిడ్డకి తొడ మీద 1 మిల్లీగ్రాము విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చేది కూడా ఇందుకే, వాళ్లకి నిల్వలు ఇంకా తక్కువ.

వార్ఫరిన్ ఈ ఛార్జర్‌నే ఆపుతుందని 1970లలోనే అర్థమైంది. ఆ ఎంజైమ్ పనిని టెస్ట్‌ట్యూబ్‌లో కొలవగలిగేవాళ్లు. కానీ దాన్ని విడిగా బయటికి తీయలేకపోయారు. కారణం ఏంటంటే అది కణం లోపల ఒక కొవ్వు పొరలో ఇరుక్కుని ఉంటుంది. పొర నుంచి ఊడదీసే ప్రయత్నంలో దాని పని పడిపోయేది. ఎన్ని ల్యాబులు, ఎన్నేళ్లు! అది ఒక్క ప్రొటీన్ కాదు, చాలా ప్రొటీన్ల గుంపు అయి ఉంటుందని కూడా చాలామంది నమ్మారు.

స్టాఫోర్డ్ ల్యాబ్‌కి ఈ రంగంలో అప్పటికే పేరుంది. 1991లో ఆ అతికించే మెషిన్, కార్బాక్సిలేస్ జీన్‌ని పట్టుకున్నది వాళ్లే. అంటే మెషిన్ దొరికింది. ఛార్జర్ దొరకలేదు. ఇంకో 13 ఏళ్లు అది అలాగే ఉండిపోయింది.

క్లూ ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? ఎలకల నుంచి. వార్ఫరిన్ వాడకం మొదలై పదేళ్లు తిరిగేసరికి, 1958లో స్కాట్లాండ్‌లో ఒక ఫారంలో ఎలకలు ఆ మందు తిన్నా చావట్లేదని గమనించారు. ఆ గుణం పిల్లలకి కూడా వస్తోంది. అంటే జీన్‌లో ఏదో మార్పు. ఎలకల్లో అది ఏ క్రోమోజోమ్‌లో ఏ ప్రాంతంలో ఉందో మెల్లగా మ్యాప్ చేశారు. మరోపక్క జర్మనీలో యోహానెస్ ఓల్డెన్‌బర్గ్, క్లెమెన్స్ ముల్లర్ వాళ్ల బృందం పుట్టుకతోనే ఈ ఫ్యాక్టర్లన్నీ ఒకేసారి తక్కువగా ఉన్న రెండు కుటుంబాలని చదువుతోంది. ఒకటి జర్మన్ కుటుంబం, ఇంకోటి లెబనాన్ కుటుంబం. వాళ్ల లోపం 16వ క్రోమోజోమ్‌లో ఒక ప్రాంతాన్ని చూపించింది. ఎలకల్లో దొరికిన ప్రాంతం, మనుషుల్లో ఈ ప్రాంతం ఒకదానికొకటి జోడీ. అడ్రస్‌లో ఊరు, వీధి దొరికాయి. ఇంటి నంబర్ లేదు. ఆ వీధిలో దాదాపు 190 జీన్లు.

ఇక్కడ స్టాఫోర్డ్ టీమ్ చేసింది చూస్తే నాకు మహా సరదా వేస్తుంది, ఎందుకంటే పక్కా డీబగ్గింగ్ ఇది. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ చేతికొస్తే మనం ఏం చేస్తాం? అనుమానం ఉన్న ఫంక్షన్లని ఒక్కొక్కటి కామెంట్ చేసి రన్ చేస్తాం. దేన్ని ఆపితే ఫీచర్ చచ్చిపోతుందో, అదే మనకి కావాల్సింది. వాళ్లు ముందు ఫిల్టర్ పెట్టారు. ఆ ఎంజైమ్ పొరలో ఉంటుందని తెలుసు, కాబట్టి పొరలో ఉండే ప్రొటీన్లని తయారుచేసేవి, పనేంటో ఇంకా ఎవరికీ తెలియనివి మాత్రమే ఉంచారు. 190 కాస్తా 13 అయ్యాయి.

ఆ 13ని ఒక్కొక్కటిగా ఆపాలి. దానికి సరిగ్గా టైముకి ఒక కొత్త పనిముట్టు వచ్చింది. ఎస్‌ఐ-ఆర్‌ఎన్‌ఏ. చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కని కణంలోకి పంపితే, దానికి సరిపోయే జీన్ సందేశాన్ని కణమే కత్తిరించి పారేస్తుంది. ఈ సూత్రం 1998లో పురుగుల్లో బయటపడింది, మనుషుల కణాల్లో పనిచేస్తుందని తేలింది 2001లో. అంటే స్టాఫోర్డ్ దాన్ని వాడేనాటికి వయసు రెండు మూడేళ్లు. ఆ ముక్కల డిజైన్‌లో తోడుగా నిలిచింది అనస్తాసియా క్వొరోవా, తర్వాత ఆర్‌ఎన్‌ఏ మందుల రంగంలో పెద్ద పేరు ఆమెది.

ఊపిరితిత్తుల కేన్సర్ నుంచి పెంచిన మనిషి కణాల మీద ఒక్కో జీన్‌నీ అణచి, ఛార్జర్ పని ఎంత మిగిలిందో కొలిచారు. ఒక్క జీన్ దగ్గర మాత్రం పని గట్టిగా పడిపోయింది. అప్పటిదాకా డేటాబేస్‌లో క్యాటలాగ్ నంబర్ తప్ప సరైన పేరు కూడా లేని జీన్ అది.

ఆపితే ఆగింది, సరే. మరి పెడితే వస్తుందా? అది కూడా చూశారు. పురుగు కణాలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఈ ఎంజైమ్ పని సహజంగా ఉండదు. వాటిలో ఈ జీన్ పెట్టారు. ఛార్జర్ పని మొదలైంది. దాని మీద వార్ఫరిన్ వేశారు. ఆగిపోయింది. ఇక అనుమానానికి చోటెక్కడ?

2004 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో స్టాఫోర్డ్ పేపరు, జర్మన్ల పేపరు ఒకేసారి వచ్చాయి. వీళ్లు ఒక్కో జీన్‌నీ ఆపి చూసి వచ్చారు, వాళ్లు కుటుంబాల డీఎన్‌ఏ చదివి వచ్చారు. రెండు దారులూ ఒకే ఇంటి ముందు కలిశాయి. ఆ రెండు కుటుంబాల్లోనూ ఈ జీన్‌లో ఒకే చోట ఒకే మార్పు కనపడింది. మందుకి లొంగని మనుషుల్లో, ఎలకల్లో కూడా ఇదే జీన్‌లో మార్పులున్నాయి. జీన్ పేరు వీకేఓఆర్‌సీ1. అది తయారుచేసే ప్రొటీన్‌లో ఉన్నవి 163 అమైనో ఆమ్లాలు, అంతే. పొట్టి ప్రొటీన్.

పేరు చివర 'సీ1' ఏంటంటే, కాంప్లెక్స్‌లో మొదటి భాగం అని. గుంపు అనుకున్నారు కదా, మిగతా భాగాలు తర్వాత దొరుకుతాయిలే అనుకున్నారు. 2006లో స్టాఫోర్డ్ ల్యాబ్ ఆ ప్రొటీన్‌ని శుద్ధిచేసి, ఒంటరిగా పెట్టి చూసింది. ఒక్కటే మొత్తం ఛార్జింగ్ పని చేసేసింది. గుంపూ లేదు, రెండో భాగమూ లేదు. పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది, కోడ్‌లో ఎప్పుడో పెట్టిన వేరియబుల్ పేరులాగా.

జీన్ దొరికిన మరుసటి ఏడాదే, 2005లో, మార్క్ రీడర్, అలన్ రెట్టీ తదితరులు మన మొదటి ప్రశ్నకి జవాబు తెచ్చారు. వార్ఫరిన్ మీద ఉన్న రోగుల్లో ఈ జీన్ ఎలా ఉందో చదివారు. జీన్ రెండు రకాలుగా ఉంది, ఎ, బి అనుకోండి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కదా. రెండూ ఎ ఉన్నవాళ్లకి సగటున రోజుకి 2.7 మిల్లీగ్రాములు సరిపోయింది. ఒకటి ఎ, ఒకటి బి ఉంటే 4.9. రెండూ బి అయితే 6.2. మెట్లు కట్టినట్టు! ఎ రకం ఉన్నవాళ్లలో జీన్ ఛార్జర్లని తక్కువ సంఖ్యలో తయారుచేస్తుంది. తక్కువ ప్లగ్గులు పీకడానికి తక్కువ మందు చాలు. అంతే సంగతి.

రోగుల మధ్య డోసు తేడాల్లో దాదాపు పావు వంతుని ఈ ఒక్క జీనే వివరించింది. దీనికి తోడు ఇంకో జీన్, సీవైపీ2సీ9. అది లివర్‌లో వార్ఫరిన్‌ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైమ్‌ది. అది మందకొడిగా ఉన్నవాళ్లలో మందు పేరుకుపోతుంది. వాళ్లకి తక్కువ డోసు చాలని, రక్తస్రావం ముప్పు ఎక్కువని 1999లోనే బ్రిటన్‌లో గురుప్రసాద్ ఐతాళ్, ఆన్ డేలీ వాళ్లు చూపించారు. ఒకటి మందు ఎక్కడ పనిచేస్తుందో ఆ జీన్, ఇంకోటి మందు ఎంతసేపు ఉంటుందో ఆ జీన్.

ఇంకేం, సమస్య తీరిపోయిందనుకున్నారు. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ వార్ఫరిన్ లేబుల్ మీద ఈ జీన్ల సమాచారం చేర్చింది. 2009లో 9 దేశాల డేటా కలిపి, జీన్లు, వయసు, ఎత్తు, బరువు ఇస్తే డోసు చెప్పే ఫార్ములా చేశారు. ఆ ఫార్ములాలో జాతి అనే కాలం ఉంది: తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఆసియన్లు. 'ఆసియన్లు' అనే ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

2013లో రెండు పెద్ద ట్రయల్స్ ఒకేసారి బయటికొచ్చాయి, రెండూ రెండు రకాలు చెప్పాయి. యూరప్ ట్రయల్లో జీన్ చూసి డోసు ఇచ్చినవాళ్లు 67.4 శాతం సమయం సరైన ఐఎన్‌ఆర్‌లో ఉన్నారు, మామూలు పద్ధతిలో 60.3 శాతం. జీన్ గెలిచింది. అమెరికా ట్రయల్ పేరు కోయాగ్, 1,015 మంది. అక్కడ 45.2 శాతం, 45.4 శాతం. తేడా సున్నా. యూరప్‌లో పోటీ పాత ఫిక్స్‌డ్ డోసుతో, అమెరికాలో వయసు, బరువు చూసి లెక్కకట్టిన డోసుతో. కాబట్టి కొంత తేడా అక్కడే ఉంది. కానీ కోయాగ్ లోపలికి వెళ్తే ఇంకో అంకె ఉంది. నల్లజాతి రోగుల్లో జీన్ చూసి ఇచ్చినవాళ్లు సరైన రేంజ్‌లో ఉన్నది 35.2 శాతం సమయం. జీన్ చూడకుండా ఇచ్చినవాళ్లు 43.5 శాతం. అంటే జీన్ టెస్ట్ వాళ్లకి మేలు చేయకపోగా చెడు చేసింది!

ఎందుకు? ఆ టెస్ట్ వెతికింది యూరప్ జనాభాలో మామూలుగా కనిపించే మార్పులని. ఆఫ్రికా మూలాలవాళ్లలో సీవైపీ2సీ9లో వేరే మార్పులు ఎక్కువ, అవి ఆ టెస్ట్ లిస్టులోనే లేవు. లిస్టులో లేని మార్పు ఉన్న మనిషి టెస్ట్‌లో 'నార్మల్' అని వస్తాడు. నార్మల్ అంటే ఎక్కువ డోసు. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ట్రైనింగ్ డేటాలో లేని యూజర్ వస్తే మోడల్ ఏదో పిచ్చి ప్రిడిక్షన్ ఇచ్చేది, మేం టికెట్ రైజ్ చేసేవాళ్లం. ఇక్కడ ఆ ప్రిడిక్షన్ మనిషి రక్తంలోకి వెళ్తోంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అందరూ చదవాల్సిన పేజీ ఇదే, 2004 కన్నా కూడా.

(జీన్ పద్ధతి పూర్తిగా ఫెయిల్ అని కాదు. 2017లో గిఫ్ట్ అనే ట్రయల్లో మోకాలు, తుంటి ఆపరేషన్ అయిన 65 దాటినవాళ్లలో రక్తస్రావం, గడ్డలు, ఐఎన్‌ఆర్ బాగా పెరగడం, మరణం అన్నీ కలిపి చూస్తే జీన్ గుంపులో 10.8 శాతం, మామూలు గుంపులో 14.7.)

ఇప్పుడు ఆ 'ఆసియన్లు' మాటకి వద్దాం. వీకేఓఆర్‌సీ1లో తక్కువ డోసు రకం చైనా, జపాన్ వైపు దాదాపు 90 శాతం కాపీల్లో ఉంటుంది. యూరప్‌లో 40 శాతం చుట్టుపక్కల, ఆఫ్రికాలో 10 చుట్టుపక్కల. మరి మనం? దక్షిణాసియాలో అది యూరప్ కన్నా కూడా తక్కువ. అదే సీవైపీ2సీ9లో మందుని నిదానంగా పంపే 'స్టార్ 3' రకం మనలో యూరప్ కన్నా కాస్త ఎక్కువ. అంటే టోక్యో మనిషినీ తెనాలి మనిషినీ ఒకే 'ఆసియన్' గళ్లో పడేస్తే లెక్క ఎటు పోతుందో మీరే ఆలోచించండి. ఆ 9 దేశాల డేటాలో జపాన్, కొరియా, తైవాన్, సింగపూర్ ఉన్నాయి. ఇండియా లేదు.

అందుకే హైదరాబాద్ నిమ్స్ పరిశోధకుల పని నాకు ముఖ్యమనిపిస్తుంది. 2012లో వాళ్లు మన జనాభా కోసమే వార్ఫరిన్ డోసు లెక్కకట్టే పద్ధతి ప్రచురించారు. ఇలాంటివి దేశంలో ఇంకా రావాలి, పెద్ద సంఖ్యలో రోగుల మీద పరీక్షించాలి.

"కొత్త మందులొచ్చాయిగా బ్రో, ఐఎన్‌ఆర్ టెస్టే అక్కర్లేనివి, ఈ పాత మాత్ర గొడవెందుకు?" అంటారు. వచ్చాయి, చాలామందికి అవి బాగా పనిచేస్తున్నాయి కూడా. కానీ మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకి కాదు. డాబిగాట్రాన్‌ని వాల్వ్ రోగుల్లో పరీక్షిస్తే గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది, ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. ఆ రిజల్ట్ వచ్చింది కూడా 2013లోనే. మన దేశంలో వాల్వ్ మార్చాల్సి రావడానికి పెద్ద కారణం రుమాటిక్ గుండె జబ్బు, అదీ చిన్న వయసులోనే. ఈ జబ్బుతో పాటు గుండె లయ తప్పినవాళ్లు 4,500 మందికి పైగా, 24 దేశాల్లో, ఇన్విక్టస్ అనే ట్రయల్‌లో చేరారు. రివరాక్సబాన్ అనే కొత్త మందు పాతదానికి తీసిపోదనే అంచనాతో మొదలుపెట్టారు. 2022లో రిజల్ట్ తిరగబడింది. వార్ఫరిన్ రకం పాత మందులు తీసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. కాబట్టి లింక్ పాల క్యాను నుంచి వచ్చిన ఈ మందు మన కార్డియాలజీ ఓపీల నుంచి ఇప్పట్లో వెళ్లదు.

రుమాటిక్ జబ్బు రోగుల్లో పెళ్లీడు అమ్మాయిలు చాలామంది. విటమిన్ కె అవసరమయ్యేది గడ్డకట్టే ప్రొటీన్లకే కాదు, ఎముక, మృదులాస్థిలో ఉండే కొన్ని ప్రొటీన్లకి కూడా అదే ఛార్జింగ్ కావాలి. వార్ఫరిన్ మాయ దాటి బిడ్డకి చేరుతుంది, మొదటి మూడు నెలల్లో ఎముకల ఎదుగుదల దెబ్బతినొచ్చు. అలాగని మందు ఆపేస్తే తల్లి వాల్వ్ మీద గడ్డ. అందుకే ఈ మందు మీద ఉన్నవాళ్లు ప్రెగ్నెన్సీ ప్లాన్ చేసుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, తెలిశాక కాదు.

ఇక మన ఇళ్లలో జరిగేది. "ఎసిట్రోమ్ వేసుకుంటున్నావ్ కదమ్మా, ఆకుకూర ముట్టుకోకు" అంటారు. పాలకూర, తోటకూర, మునగాకు, కొత్తిమీరలో విటమిన్ కె బాగా ఉంటుంది, నిజమే. కానీ సమస్య తినడం కాదు, ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తినడం. డాక్టర్ డోసు సెట్ చేసేది మీరు మామూలుగా తినే తిండికి. వారానికి రెండుసార్లు పప్పులో తోటకూర వేసుకునే ఇల్లయితే అలాగే వేసుకోండి. కార్తీక మాసమనో డైట్ అనో తిండి గట్టిగా మార్చేటప్పుడు, యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టేటప్పుడు, నొప్పి మాత్రలు కొనుక్కునేటప్పుడు డాక్టర్‌కి చెప్పి టెస్ట్ ముందుకి జరుపుకోండి. ఈ వీడియో చూసి డోసు మాత్రం మార్చకండి ప్లీజ్. జీన్ టెస్ట్ మన దగ్గర ఇంకా రొటీన్ కాదు, మీ అమ్మగారి డోసు చెప్పేది ఆ ఐఎన్‌ఆర్ చీటీయే. డోసు ఎంత పెంచినా నంబర్ కదలకపోయినా, చిన్న ముక్కకే ఎగిరి కూర్చున్నా, "జీన్ వల్ల కావచ్చా డాక్టర్ గారూ?" అని అడగడంలో తప్పేం లేదు.

స్టాఫోర్డ్ జీన్ పట్టుకున్న 17 ఏళ్లకి, 2021లో, వెయికై లీ ల్యాబ్ మనిషి వీకేఓఆర్ ఆకారాన్ని, దాంట్లో వార్ఫరిన్ ఇరుక్కున్న తీరుని అణువు అణువుగా చూపించింది. దానికి యానిమేషన్ మా ఎడిటర్ చేస్తున్నాడు, రెడీ అవగానే పెడతా. వచ్చే ఎపిసోడ్ మాత్రం వాల్వ్‌లు అసలు పాడయ్యేది ఎక్కడో దాని గురించి: స్కూలు పిల్లల గొంతు నొప్పి, మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్. ఉంటా మరి, బై.